భూషణంగారికి వినపడని నా చప్పుడు

నేను ఒక కెమెరా లెన్సును. నల్లటి ఒళ్ళు, ముందు గుండ్రటి అద్దం, నడుము చుట్టూ రెండు రబ్బరు పట్టీలు. చూడటానికి నోరులేని వస్తువులా ఉంటాను గానీ, నేను చేసే చప్పుళ్ళు చాలానే ఉన్నాయి. కెమెరాకి తగిలించి మీట సగం నొక్కితే నాలోని చిన్న మోటారు జుయ్‌మంటూ అద్దాలను ముందుకీ వెనక్కీ జరుపుతుంది. ఆ వెంటనే, ఫొటో తీసేవారి చెయ్యి వణికినా బొమ్మ చెదరకుండా చూసే భాగమొకటి మేలుకుని సన్నగా గురక పెడుతుంది. ఫొటో పడే క్షణంలో లోపలి రేకులు టిక్కుమని ముడుచుకుంటాయి. కెమెరా ఆపేసి నన్ను ఊపితే ఒక అద్దం లొటలొటలాడుతుంది. ఇవన్నీ నేను ఆరోగ్యంగా ఉన్నానని చెప్పే చప్పుళ్ళే. మనుషులు మాత్రం కొత్త చప్పుడు ఏది విన్నా ముందు జబ్బు అనుకుంటారు.

సముద్రానికి అవతల ఒక కర్మాగారంలో నన్ను తయారుచేశారు. తెల్లటోపీ పెట్టుకున్న ఒకామె ఆఖరి మర బిగించి, నన్ను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపి, తృప్తిగా తలాడించి పెట్టెలో పెట్టింది. నన్ను మొదట విన్న మనిషి ఆమే. పేరు తెలియదు. ఈనాటికీ ఆమెను తలుచుకుంటాను.

నన్ను మొదట కొన్నది కాకినాడలో ఒక పళ్ళ డాక్టరుగారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా జనం నోళ్ళలో గుయ్యిమని మిషను తిప్పే ఆ పెద్దమనిషి, నా చిన్న లొటలొటకి హడలిపోయాడు. ఫోనులో ఫొటోగ్రాఫర్ల గ్రూపులో అడిగాడు, ఇది మామూలేనా అని. నలభైమంది మామూలే అన్నారు. ఒక్కడు మాత్రం, ‘నాదీ ఇలాగే మొదలైంది’ అని రాశాడు. డాక్టరుగారు ఆ ఒక్కడినే నమ్మాడు. నెల తిరక్కుండా నన్ను పాత కెమెరాల దుకాణంలో అప్పగించి వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన భయపడబట్టే నేను భూషణంగారి చేతికి వచ్చాను.

కడలి రత్నభూషణంగారిది రామచంద్రపురం. భార్య కృపావతి పేరు మీద ‘కృపా స్టూడియో’ నడుపుతాడు. లోపల ఫొటోలు ఏరి ఆల్బం కూర్చేది ఆవిడే. ఆయన ఆ పాత కెమెరాల దుకాణంలో నన్ను కెమెరాకి తగిలించి, కళ్ళు మూసుకుని, మీట సగం నొక్కి విన్నాడు. తర్వాత కెమెరా ఆపి ఊపి చూశాడు.

“లోపలేదో ఊగుతుందని ఇచ్చేశారండి డాక్టరుగారు,” అన్నాడు దుకాణదారు, ముందే చెప్పేస్తే మంచిదని.

“ఊగాలండి. అది ఊగేదే,” అన్నాడు భూషణంగారు. నన్ను సంచిలో వేసుకున్నాడు.

ఆయనతో పన్నెండేళ్ళు తిరిగాను. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, ఓణీల ఫంక్షన్లు, ఆఫీసుల్లో పదవీ విరమణలు. ఎన్ని ముఖాలు చూశానో. భూషణంగారికి ఒక అలవాటుండేది. జుయ్‌మని నా మోటారు ఆగిన చప్పుడు వినగానే మీట పూర్తిగా నొక్కేవాడు. కంటితో మనుషుల్ని చూసేవాడు, చెవితో నన్ను చూసుకునేవాడు. ఒకసారి అంతర్వేది సముద్రపొడ్డున ఫొటోలు తీస్తుంటే నాలో కరకరమంది. పక్కనున్న ఎవరికీ వినపడలేదు. ఆయన మాత్రం ఠక్కున కెమెరా ఆపేశాడు. మర్నాడే రాజమండ్రి తీసుకెళ్ళి మెకానిక్ జిలానీ చేతిలో పెట్టాడు. జిలానీ నన్ను విప్పి, పట్టకారుతో ఒక్క ఇసుకరేణువు తీసి తెల్లకాగితం మీద పెట్టి చూపించాడు. ఇంకొక గంట తిప్పి ఉంటే నా మోటారు పోయేది. నాకు నిజంగా జబ్బు చేసిన రోజు అదొక్కటే. ఆ రోజు నన్ను కాపాడింది భూషణంగారి చెవులు.

ఆ చెవులే నెమ్మదినెమ్మదిగా మొరాయించాయి. ఆ సంగతి ఊరంతా గ్రహించింది, ఆయన తప్ప.

“ఈమధ్య టీవీలో అందరూ గొణుగుతున్నారేంటి?” అనేవాడు. స్టూడియో బయట స్కూటర్లు మెత్తగా వెళ్తున్నాయనీ, ఇంటి వెనక పిచ్చుకలు వలసపోయాయనీ అనుకున్నాడు. లోకమంతా గొంతు తగ్గించుకుందని ఆయన నమ్మకం. చివరికి ఒక ఉదయం నన్ను చేతిలోకి తీసుకుని, మీట సగం నొక్కి, మళ్ళీ నొక్కి, ముఖం ముడుచుకున్నాడు.

“కృపా, దీని మోటారు పోయింది. చప్పుడే లేదు.”

నేను ఎప్పటిలాగే జుయ్‌మన్నాను. గొంతు చించుకుని అరిచినట్టే అనిపించింది నాకు. ఆయనకి చేరలేదు.

బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాం. జిలానీ నన్ను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “బానే కూత్తందండి,” అన్నాడు. భూషణంగారు నన్ను లాక్కుని ఒక చెవికీ, రెండో చెవికీ ఆనించుకున్నాడు. “ఏదీ?” అన్నాడు.

జిలానీ టీ తెప్పిస్తానని లేచి, ఆయన వెనక్కి వెళ్ళి నిలబడి, మామూలు గొంతుతో, “భూషణంగారూ, మీ చొక్కా వెనకాల చిరిగిందండి,” అన్నాడు. ఆయన నన్నే చూస్తూ కూర్చున్నాడు. జిలానీ మళ్ళీ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

“లెన్సుకేం కాలేదండి. మీరే ఓసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి.”

“నా చెవులకేమయ్యింది? ఇప్పుడు నువ్వన్నది ఇనపడిందా లేదా?”

“నా మొకం చూసి ఇన్నారండి.”

భూషణంగారికి కోపమొచ్చింది. టీ తాగకుండానే లేచాడు. దారంతా బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఒప్పుకున్న ఈ పెళ్ళిళ్ళయ్యాక నన్ను వదిలించుకుంటానని ఇంటికొచ్చాక కృపావతితో అన్నాడు. ఆవిడ నన్ను మెత్తటి గుడ్డతో తుడిచి అల్మరాలో పెట్టింది. కెమెరా నుంచి ఊడదీసే ముందు మీట నొక్కి వింది. ఆవిడకి వినపడింది.

ఆ తర్వాతి వారం కోటిపల్లి దగ్గర ఒక పెళ్ళి. వరుడు మణికంఠ. భోజనాలయ్యాక హాలు కొంచెం సద్దుమణిగింది. భూషణంగారు వేదిక మీది పూల అలంకరణని ఫొటో తీస్తున్నాడు. అప్పుడు వరుడి నాయనమ్మ ఆదెమ్మగారు ఆయన వెనక్కి వచ్చి నిలబడింది. ఎనభై దాటిన మనిషి. పక్కన ఇంకొక పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఉంది.

“బాబూ, నన్నూ మా తోడికోడల్నీ ఒకటి తియ్యవా?” అంది.

నేను పూల వైపు తిరిగి ఉన్నా ఆ మాట విన్నాను. భూషణంగారు వినలేదు. ఆవిడ మరోసారి అడిగింది. ఆయన ఇటు తిరగకుండానే సంచి సర్దుకుని వేదిక దిగి వెళ్ళిపోయాడు. వెళ్తుంటే నా అద్దం అటు తిరిగింది. రెండో ఆవిడ చెయ్యి విడిపించుకుని, కొంగు సర్దుకుని, అవతలి గుమ్మంవైపు నడిచిపోవడం చూశాను. ఆదెమ్మగారు అక్కడే ఉండిపోయింది.

ఫొటోలు ఎంచుకోవడానికి స్టూడియోకి వచ్చినప్పుడు మణికంఠ ఆ మాట ఎత్తాడు. కోపంగా కాదు, బాధగా.

“భూషణంగారూ, ఒక్క మాటండి. మా నాయనమ్మా, ఆవిడ తోడికోడలు పార్వతమ్మగారూ ముప్పయ్యేళ్ళుగా మాట్లాడుకోరండి. ఎదురెదురు ఇళ్ళే. పెళ్ళిలో మా నాయనమ్మే ఎలాగో మనసు కూడగట్టుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని మీ దగ్గరికి తీసుకొచ్చింది. రెండుసార్లు అడిగితే మీరు మొకం తిప్పుకుని వెళ్ళిపోయారంట. నలుగుర్లో చిన్నబుచ్చడానికే తీసుకొచ్చావని ఆవిడ అలిగింది. మళ్ళీ తలుపులేసుకున్నారండి ఇద్దరూ.”

మణికంఠ వెళ్ళాక భూషణంగారు కృపావతి వైపు తిరిగాడు. “నన్నెవరూ పిలవలేదు,” అన్నాడు మెల్లగా. “నిజంగా నన్నెవరూ పిలవలేదు కృపా.”

కృపావతి కుర్చీ జరుపుకుని ఆయన ముందుకొచ్చి కూర్చుంది.

“రెండేళ్ళనుంచీ నేను మీ ఎదరకొచ్చే మాట్టాడుతున్నానండి. వంటింట్లోంచి పిలిస్తే పలకరని, పొయ్యి కట్టేసి మరీ వత్తాను. మీరెప్పుడైనా చూసుకున్నారా?”

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. రెండేళ్ళలో ఆవిడ ఎన్నిసార్లు వంటింట్లోంచి లేచి వచ్చి ఉంటుందో లెక్కపెట్టుకుంటున్నాడు కాబోలు. “రేపు కాకినాడ వెళ్దాం,” అన్నాడు.

చెవుల్లో ఇమిడే రెండు చిన్న యంత్రాలు ఇచ్చారు ఆయనకి. అవి పెట్టుకున్న మొదటి రోజు ఇల్లంతా వింత. సొంత చెప్పుల చప్పుడుకి వెనక్కి తిరిగి చూశాడు. ఫ్యాను కిర్రుమంటోందన్నాడు. పెరట్లో పిచ్చుకలు ఎప్పుడు తిరిగొచ్చాయని అడిగాడు. అవి ఎక్కడికీ పోలేదని చెప్పి కృపావతి నవ్వింది. ఆ నవ్వు కూడా ఆయన కొత్తగా విన్నాడు.

తర్వాత నన్ను అల్మరాలోంచి తీశాడు. కెమెరాకి తగిలించి మీట సగం నొక్కాడు. జుయ్‌మన్నాను. ఆయన ఉలిక్కిపడి వేలు తీసేశాడు. ఇదివరకు మోటారు పోయిందన్న మనిషి, ఇప్పుడు లోపలేదో విరిగిందన్నాడు. ఊపి చూస్తే లొటలొట. పన్నెండేళ్ళ కిందట కళ్ళు మూసుకుని నన్ను విని మెచ్చుకున్న మనిషి, ఆ పళ్ళ డాక్టరుగారి కంటే ఎక్కువ భయపడ్డాడు.

మళ్ళీ జిలానీ దగ్గరికి. ఈసారి జిలానీ నన్ను చెవి దగ్గర పెట్టుకోనైనా లేదు. ఆయన చెవుల్లోని యంత్రాలు చూశాడు, మురిసిపోయాడు.

“ఇది పుట్టినకాడి నుంచీ ఇలాగే కూత్తందండి. మద్దెలో మీరే ఇన్లేదు.”

“ఇంత చప్పుడు చేసేదా?”

“ఇంతేనండి. ఇప్పుడు కొంచెం మోటుగా ఇనపడతాది. నాలుగు రోజులు పోతే అలవాటైపోద్ది.”

భూషణంగారు నన్ను ఒళ్ళో పెట్టుకుని మీట సగం నొక్కాడు, వదిలాడు, మళ్ళీ నొక్కాడు. జుయ్. గురక. జుయ్. జిలానీ వేరే పని చూసుకుంటున్నట్టు నటించాడు. ఎంతోసేపటికి భూషణంగారు కళ్ళు మూసుకున్నాడు. ఆయన వేలు, నా మోటారు ఆగిన క్షణానికి సరిగ్గా మీట మీద పూర్తిగా దిగింది. జిలానీ బల్ల మీది మరమేకుల డబ్బా ఫొటో ఒకటి పడింది. అంతకంటే అందమైన ఫొటో నేను తీయలేదని నా అభిప్రాయం. ఆ రోజు భూషణంగారు టీ చల్లారకుండా తాగాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక నేరుగా కోటిపల్లి వైపు వెళ్ళాం. ఆదెమ్మగారు వరండాలో కూర్చుని ఉంది. భూషణంగారు చెవిలోని యంత్రం తీసి చూపించి, ఆ రోజు వినపడలేదమ్మా, తప్పయిపోయింది అన్నాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తనే ఆయన చెవి దగ్గర పట్టుకుని పెట్టుకోమంది.

“ఫొటో ఇప్పుడు తీస్తానమ్మా. పార్వతమ్మగారిని పిలుద్దామా?”

“ఆవిడ రాదులే బాబూ,” అంది ఆదెమ్మగారు. గోడ వైపు తిరిగి, తనకే చెప్పుకున్నంత చిన్నగా, “నేను రమ్మన్నానని చెప్పు,” అంది.

భూషణంగారు ఆ మాట విన్నాడు. వీధి దాటి ఎదురింటి తలుపు తట్టాడు. తలుపు తెరుచుకోలేదు. విషయమంతా బయటినుంచే చెప్పాడు. కాసేపటికి లోపలినుంచి పార్వతమ్మగారి గొంతు గుసగుసలా వచ్చింది.

“పిలిచింది తనేనా?”

“ఆవిడే పిలిచారండి,” అన్నాడు భూషణంగారు.

గడియ తీసిన చప్పుడైంది.

ఇద్దరినీ వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాం. మధ్యలో మరొక మనిషి పట్టేంత ఖాళీ. భూషణంగారు మీట సగం నొక్కగానే ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

“ఏంటయ్యా ఆ చప్పుడు?” అంది పార్వతమ్మగారు.

“లెన్సండి. మిమ్మల్ని సరిగ్గా చూడ్డానికి సర్దుకుంటంది.”

పార్వతమ్మగారు అది విని, మెల్లగా ఇటు జరిగింది. ఆదెమ్మగారు ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. టిక్కుమన్నాను.

ఇంత మంచి మనుషుల చేతుల్లో పడ్డందుకు ఎవరికి దండం పెట్టాలో నాకు తెలియదు. ఆ రోజు తీసింది ఒక్క ఫొటోనే. తర్వాత ఆ ఇద్దరూ ముప్పయ్యేళ్ళ కిందటి తగువు ఎలా మొదలైందో చెప్పడం మొదలుపెట్టారు, ఇద్దరూ ఒకేసారి, ఎవరి తీరులో వాళ్ళు. భూషణంగారు నాకు మూత పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా ఒక్క మాటా జారిపోకుండా విన్నాడు.