ఇంటికొక చెయ్యి

కాలనీ సంఘం హాల్లో మీటింగంటే చాపలు మగవాళ్లవి, వంటగది ఆడవాళ్లది. టీ పోయడం ఈసారి చిజురు వంతు. ఏటిగట్టు మీది పచ్చిక తీసేసి అపార్ట్‌మెంట్లు కడతారట. కాలనీ వాళ్లు ఏమంటారో ఇవాళ మొదటిసారి అడుగుతారు.

ఆ పచ్చికలో కలుపు తీసిందంతా ఆడవాళ్లే. కాపురానికొచ్చిన ఏడాది నుంచీ ప్రతి వేసవీ చిజురు అక్కడ కొడవలి పట్టుకుని వంగింది. అత్తగారు మంచాన పడ్డ దగ్గర్నుంచి పోయేదాకా, ఆవిడ కునుకు తీసే కాసేపూ పరుగున వచ్చి ఆ గట్టున కూర్చునేది. ఎవరికీ ఏమీ అందించక్కర్లేని చోటు లోకంలో ఆమెకి అదొక్కటే. అందుకే కట్టొద్దనమంటూ ఇల్లిల్లూ తిరిగింది. కానీ సంఘంలో ఇంటికొక్కటే చెయ్యి, అంటే మునిసిపల్ కాగితాల్లో ఒక్కో కుటుంబానికి ఒకటి, అదీ యజమానిది.

"నీ పచ్చిక కోసం నేను చెయ్యెత్తనా ఏంటి? హాయిగా పడుకో," అన్నాడు రాత్రి ఆమె మొగుడు మోరియో. నమ్మింది, పిచ్చిమొహం. పొద్దున్నే అతనికిష్టమని సాల్మన్ చేప కూడా కాల్చిపెట్టింది.

"కట్టొద్దనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు సంఘం పెద్ద.

ఎత్తారు. మోరియో చెయ్యి మాత్రం టీ కప్పు వదల్లేదు. కేటిల్ పట్టుకుని నిలబడిపోయిన పెళ్లాం వంక అతను కన్నెత్తి చూడలేదు. పక్కనే చెయ్యెత్తకుండా కూర్చున్న తన ఆఫీసు పాత మేనేజరుతో ఏదో అని నవ్వాడు.

"కట్టొద్దనడానికి ఒక్క చెయ్యి తక్కువైంది. వచ్చే నెల మళ్లీ చేతులెత్తించి ఖాయం చేద్దాం," అన్నాడు పెద్ద.

కప్పులు కడుగుతుంటే కినుయె ముసలమ్మ వంటగదిలోకొచ్చింది. చెయ్యెత్తిన ఆడమనిషి ఆవిడొక్కతే. "మా ఆయన పోయాకే నాకు చెయ్యి మొలిచిందమ్మా," అంది. "నువ్వు అంతదాకా ఆగుతావా?"

చిజురుకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఒకటి గుర్తొచ్చింది. వైద్యం ఖర్చు తగ్గుతుందని, అప్పట్లో అదే ఇంట్లో ఉన్న అత్తగారిని వేరే కుటుంబంగా రాయించి రమ్మని మునిసిపల్ ఆఫీసుకి తనని పంపింది మోరియోనే. ఎవరి సంపాదన వాళ్లదైతే మొగుడూ పెళ్లాలకీ అలా కుదురుతుందని అక్కడి అమ్మాయి చెప్పింది. చిజురుకి బేకరీలో జీతం ఉంది.

ఇంటికి నడుస్తూ మోరియో విసుక్కున్నాడు. "మేనేజరు పక్కనే ఉంటే ఎలా ఎత్తను? గడ్డి కోసం మొహం మాడ్చుకుంటావేంటి? రాత్రికి ఏం వండుతున్నావు?"

"రేపు మునిసిపల్ ఆఫీసుకి వెళ్తున్నానండీ," అంది చిజురు. "వచ్చే నెలకి మనింట్లో రెండు కుటుంబాలుంటాయి. మీ చెయ్యి మీ ఇష్టం."