వాల్వుల ఆంప్, ఒక గునపం

తొంభై ఎనిమిదిలో, మా పెళ్లయిన కొత్తలో, మా ఆయన అఫ్రాజ్ రిసెప్షన్లలో గిటారు వాయిస్తూ పాడేవాడు. ఆంప్లిఫయర్ కొందామని వెళితే బెజవాడ దుకాణంలో రెండు చూపించారు. ఒకటి తేలికైన ట్రాన్సిస్టర్‌ది. రెండోది ఇద్దరు మోయాల్సిన, పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులది. ఆ వాల్వులు దీపాల్లా వెలుగుతుంటే మురిసిపోయి, "అదే, అదే!" అన్నాను.

తొలి కచేరీ హనుమాన్ జంక్షన్ దగ్గర, పొలం పక్క పందిట్లో. మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పట్టలేదు. టెంటు హౌస్ అతను ప్లగ్గు కోసేసి, రెండు వైర్లను అగ్గిపుల్లలతో కుక్కాడు. ఆకుపచ్చ ఎర్త్ వైరు ఊరికే వేలాడుతోంది.

వాల్వులు వెలిగాయి. ఈసారి నాకు ముచ్చటేయలేదు. టెంటు హౌస్ అతని టెస్టర్ అందుకుని అఫ్రాజ్ మెడలోని గిటారు తీగకు ఆనించాను. అదీ వెలిగింది.

"ఏమండీ, మైకుకు మూతి తగిలించకండి!"

"మైకు మీద కూడా కుళ్లేనా వదినా?" అని డ్రమ్ములు వాయించే నాని నవ్వాడు.

"మైకు వేరే సెట్టుది, దానికి ఎర్త్ ఉంది. ఈ తీగల్లో కరెంటుంది. రెండూ తగిలితే ఆయన ఒంట్లోంచే పోతుంది నానీ!"

నాని నవ్వు ఆగిపోయింది. స్విచ్ ఆపేసి, గునపం తెచ్చి తడి నేలలో దిగ్గొట్టి, ఆకుపచ్చ వైరును దానికి కలిపాడు. మళ్లీ స్విచ్ వేశాక టెస్టర్ వెలగలేదు.

అయినా అఫ్రాజ్ మైకు వైపు వంగుతుంటే ఊపిరి బిగబట్టాను. పాట వినిపించాకే వదిలాను.

ఆ గునపాన్ని టెంటు హౌస్ అతన్ని బతిమాలి అడిగి, మాతోపాటే వ్యాన్‌లో బెజవాడ తెచ్చుకున్నాం.