తలుపు పక్క కుర్చీ

తల్లిదండ్రులను బడికి పిలిచిన సాయంత్రం, ఎవరి పిల్లల కుర్చీలో వాళ్ళు కూర్చోవాలని లెక్కల మాస్టారు చెప్పాడు. ఆమె కూతురి కుర్చీ తలుపు పక్కన ఉంది. తలుపు లోపలికి తెరుచుకున్నప్పుడల్లా దాని అంచు కుర్చీ కాలికి కొట్టుకుంటోంది. తగిలి తగిలి ఆ కాలి మీద రంగు లేచిపోయి ఇనుము బయటపడింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు "అయ్యో, తగిలిందా?" అంటూ ఆమెను దాటి వెళ్ళారు కానీ, ఎవరూ ఆమె ముఖం వంక చూడలేదు.

ఎందుకో మాస్టారి మాటలు విన్నాక తెలిసింది. ఆ బడిలో కాలిక్యులస్ రెండు తరగతులుగా నడుస్తుంది. పిల్లలు వాటిని పై క్లాసు, కింది క్లాసు అంటారు. పై క్లాసులో ప్రతి శుక్రవారం పరీక్ష. సోమవారం మార్కులను బట్టి కుర్చీలు మారతాయి. అందరికన్నా తక్కువ వచ్చినవాళ్ళది తలుపు పక్క కుర్చీ. వరసగా మూడు సోమవారాలు అక్కడే కూర్చుంటే కింది క్లాసుకు పంపేస్తారు.

"ఇది శిక్ష కాదండీ. అక్కడ గాలి బాగా వస్తుంది" అని మాస్టారు నవ్వాడు. అందరూ నవ్వారు. "భయపడేవాళ్ళు తమంతట తాము ముందే దిగిపోవచ్చు. నేనేమీ అనుకోను."

ఆమె కూతురు అప్పటికి రెండు సోమవారాలు అక్కడ కూర్చుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం కదిలింది. తండ్రి బస్సు నడుపుతాడు. ఆయనకు లోకమంతా బస్సుల్లోనే కనిపిస్తుంది. "దిగితే ఏం పోయింది? పైది ఎక్స్‌ప్రెస్, కిందిది ఆర్డినరీ. రెండూ ఊరు చేరతాయి కదా."

"ఆర్డినరీ వెళ్ళేసరికి గేటు మూసేస్తారు నాన్నా. నాకు కావలసిన కాలేజీ వాళ్ళు పై క్లాసే అడుగుతారు" అంది కూతురు. కంచంలో మెతుకు ముట్టలేదు.

"అయితే కాస్త తిని ఎక్కవే తల్లీ, దారిలో కళ్ళు తిరుగుతాయి" అన్నాడాయన. ఆ పిల్ల నవ్వలేదు.

స్నానం చేసి దేవుడి ముందు నిలబడకుండా ఆమె ఏ రోజూ గడప దాటదు. మర్నాడు కూడా నిలబడింది. పిల్ల గొప్పది కావాలని కోరలేదు. ఆ కుర్చీ మాత్రం నా బిడ్డకు వద్దు తండ్రీ, అని పైకే మొక్కుకుంది.

సోమవారం కూతురు ఒక కుర్చీ ముందుకు జరిగింది. తలుపు పక్కకు పిచ్చుక వచ్చింది.

పిచ్చుక అని అందరూ పిలిచేది కూతురి స్నేహితురాలిని. పిడికెడు మనిషి, ఊరంత నోరు. ఇంటికి వస్తే చెప్పులు విప్పకముందే కబుర్లు మొదలుపెడుతుంది. ఆ పిల్ల తల్లి, ఈమె ఒకే చోట పని చేస్తారు. ఆస్పత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోటు అది. వేడి రోలర్ల మధ్య నుంచి దుప్పటి బయటికి రాగానే చెరొక కొసన నిలబడి, చివరలు పట్టుకుని, దగ్గరికి వచ్చి మడత కలపాలి. ఏళ్ళ తరబడి అలా కలుపుతున్నారు. ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు.

"మాదానికి ముద్ద దిగట్లేదు వదినా. నోరు కూడా పడిపోయింది. ఇంట్లో ఆ వాగుడు లేకపోతే ఏదోలా ఉంది" అంది పిచ్చుక తల్లి.

ఆమె మడత మీదే చూపు నిలిపింది. పొద్దున్నే మొక్కు తీరిందని దణ్ణం పెట్టుకుని వచ్చింది మరి. ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండదన్న సంగతి అంతవరకూ ఆమెకు తట్టలేదు. నా బిడ్డకు వద్దు అంటే ఆ పైవాడికి ఎలా వినిపించి ఉంటుంది? అడిగేటప్పుడు మన బిడ్డ వరకే అడిగామని ఆయనకు తెలియదా?

తర్వాతి సోమవారమూ పిచ్చుకే తలుపు దగ్గర కూర్చుంది.

ఆ వారం మధ్యలో ఆ పిల్లకు జ్వరం వచ్చి ఒకరోజు బడికి పోలేదు. పరీక్షకు ముందు సాయంత్రం ఫోన్ చేసింది. ఆమె వంటగదిలో గిన్నెలు తుడుస్తోంది. కూతురి మాటలు స్పష్టంగా వినిపించాయి.

"జ్వరం తగ్గిందా? ... ఊఁ, మొదటి రెండు పాఠాలే చదవమన్నారు. ... కుండలా? లేదే. కుండలు రావు. వదిలేసి హాయిగా పడుకో."

ఫోన్ పెట్టేసి కూతురు లోపలి గదిలో బల్ల ముందు కూర్చుంది. కాసేపటికి ఆమె పాల గ్లాసు తీసుకెళ్ళింది. కాగితం నిండా కుండలు. ఆ బొమ్మలు ఆమె ఎరిగినవే. వంకర గీతను గిర్రున తిప్పితే కుండ అవుతుందని, అందులో ఎన్ని నీళ్ళు పడతాయో లెక్క కట్టాలని కూతురే ఒకప్పుడు చెప్పింది. "నీళ్ళు పోసి కొలిస్తే పోలా?" అని ఆమె అంటే, పడి పడి నవ్వింది కూడా.

"కుండలు రావన్నావుగా?"

పెన్సిల్ ఆగలేదు. "వస్తాయి. మార్కులన్నీ వాటికే."

"మరి దానికి అలా చెప్పావేంటే?"

కూతురు తల ఎత్తింది. ముఖంలో కోపం లేదు, భయమూ లేదు. కొద్ది రోజులుగా ఉన్న అలసట కూడా లేదు. "అది గట్టెక్కితే కింద మిగిలేది నేనేనమ్మా. ఆ కుర్చీ నాకు వద్దని నువ్వే కదా మొక్కుకున్నావు. మరి ఎవరికి ఇమ్మన్నావు?"

ఆమె ముందు గదిలోకి వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"చెయ్యి. నేనేం ఆపను" అంది కూతురు లోపలి నుంచి, మెల్లగా. "సోమవారం నేను అక్కడికి వెళతాను, అంతే కదా."

ఫోన్ వెచ్చగా ఉంది. ఆమె దాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడింది. పిచ్చుకకు జ్వరం తగ్గి నిద్రపోతూ ఉంటుందేమో అనుకుంది. ఇప్పుడు చెప్పినా ఏం చదవగలదులే అనుకుంది. తర్వాత ఫోన్ ఉన్నచోటే పెట్టేసి, గిన్నెలు తుడవడానికి వెళ్ళింది. లోపల పెన్సిల్ గీస్తున్న చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది.

సోమవారం పిచ్చుక తల్లి ఆలస్యంగా పనిలోకి వచ్చింది. రోలర్ల అవతల నిలబడి దుప్పటి కొసలు అందుకుంది.

"పొద్దున బడికి వెళ్ళాను వదినా. దించేశారు. నా కళ్ళముందే పుస్తకాలు సర్దుకుని మెట్లు దిగింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండును."

ఇద్దరూ దగ్గరికి వచ్చి మడత కలిపారు. మళ్ళీ దూరం జరిగారు.

"మీ పిల్ల మంచిది. ఒంట్లో బాగోలేదని, హాయిగా పడుకోమంది. కుండలు రావని కూడా చెప్పిందట. పాపం, అదీ సరిగ్గా విని ఉండదు. ఇక నీ కూతురిదే వంతు వదినా. జాగ్రత్తగా చూసుకో, ఆ చివర కూర్చున్న పిల్లలు ముందులా ఉండరు."

రోలర్ల నుంచి ఇంకో దుప్పటి వచ్చింది. ఇద్దరూ కొసలు పట్టుకున్నారు. మడత కలపడానికి పిచ్చుక తల్లి ముందుకు వచ్చింది. ఆమె మాత్రం కదల్లేదు.

"అది సరిగ్గానే వింది వదినా. వస్తాయని దానికి తెలుసు."

పిచ్చుక తల్లి ఉన్నచోటే ఆగిపోయింది. దుప్పటి మధ్యలో వేలాడింది. దాని వేడికి ఇద్దరి ముఖాలకూ చెమట పట్టింది. యంత్రం మోతలో ఆ మాట వినబడిందో లేదో అనుకుంది ఆమె. వినబడింది.

"నీకు?"

ఇన్నేళ్ళలో ఆమె అబద్ధం ఆడవలసిన అవసరం పెద్దగా రాలేదు. ఇప్పుడు నోటి దాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపింది.

"ఆ సాయంత్రమే తెలుసు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా."

పిచ్చుక తల్లి నడిచి వచ్చి, తన చేతిలోని రెండు కొసలూ ఆమె చేతుల్లో పెట్టింది. తిరిగి తన చోటికి వెళ్ళి, రోలర్ల నుంచి వస్తున్న తర్వాతి దుప్పటిని ఒక్కతే అందుకుంది. రెండు చేతులూ బారలా చాపినా దాని వెడల్పు అందలేదు. ఒక అంచు తడి నేల మీద ఈడ్చుకుపోతోంది. అయినా పిచ్చుక తల్లి ఈమెను పిలవలేదు.