కాలి కింద బ్రేకు

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి తాగి బండి నడిపేవాళ్ళంటే ఒళ్ళుమంట. ఇరవై రెండేళ్ళుగా కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఆ పాఠమే చెప్పేవాడు. అందుకే ఆయన పట్టుబడ్డాడంటే ముందు ఎవరూ నమ్మలేదు.

ముందురోజు ఓ స్నేహితుడి ఇంట్లో విందు. మాస్టారు మామూలుకన్నా ఎక్కువే పుచ్చుకున్నాడు. అయినా బుద్ధిగా కారు ఇంటిదగ్గరే వదిలి వెళ్ళాడు, ఆటోలో తిరిగొచ్చాడు. ఐదు గంటలు పడుకుని లేచి, చన్నీళ్ళు పోసుకుని, ఆరున్నరకల్లా పాఠానికి తయారయ్యాడు. తల దిమ్ముగా ఉంటే నిద్ర చాలలేదనుకున్నాడు.

స్టీరింగు ముందు టైలరమ్మ, పక్క సీట్లో నేర్పేవాళ్ళ కోసం అమర్చిన రెండో బ్రేకు దగ్గర మాస్టారు కూర్చున్నారు. ఆమె నేర్చుకోవడం మొదలెట్టి మూడు వారాలైంది. రైలు గేటు దాటగానే పోలీసులు ఆపారు. ఆమె ఊదింది. మిషన్ సున్నా చూపించింది. కానిస్టేబుల్ గొట్టం మార్చి మాస్టారి వైపు చాపాడు.

“నేను నడపట్లేదుగా బాబూ,” నవ్వాడు మాస్టారు.

“నేర్పేవాళ్ళు కూడా ఊదాలి మాస్టారూ,” అన్నాడు కానిస్టేబుల్. అతనూ ఆయన దగ్గర నేర్చుకున్నవాడే.

మిషన్ మీద పడిన అంకె చట్టం ఒప్పుకునే హద్దుకి దాదాపు రెట్టింపు.

“అది నిన్న తాగింది. పడుకుని లేచాను కదా!”

“పడుకున్నంత మాత్రాన అంత తొందరగా దిగదండీ.”

“స్టీరింగు నా చేతిలో లేదయ్యా!”

“మీ కాలి కింద బ్రేకుంది కదండీ,” అన్నాడతను మెల్లగా. “ఆవిడ మిమ్మల్ని నమ్ముకునే కదా రోడ్డెక్కింది.”

టైలరమ్మ మాస్టారి వైపు చూడలేదు. కారు ఆగి పది నిమిషాలైనా స్టీరింగుని రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉంది.

కోర్టులో ఆయన వాదించలేదు. జడ్జిగారు జరిమానా వేసి, లైసెన్సు ఆరు నెలలు నిలిపేశారు. మళ్ళీ దొరికితే జైలు తప్పదని, నేర్పే అనుమతి కూడా పోతుందని చెప్పారు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, “స్కూలు మూసేద్దాం,” అన్నాడు భార్యతో. “ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

ఆవిడ స్కూల్లో ఫారాలు నింపేది, ఫోన్లెత్తేది. నేర్పే లైసెన్సు ఆవిడకీ ఉంది. పక్కన కూర్చుని ఆయన “క్లచ్చు, క్లచ్చు” అని ప్రాణం తీస్తాడని ఎప్పుడో స్టీరింగు ముట్టుకోవడం మానేసింది.

“మూసేయడం దేనికండీ? కారు నేను తీస్తాను, మీరు ఫోనెత్తండి.”

మొదటి వారం ఆవిడ పెద్ద రోడ్డెక్కలేదు. రెండో వారానికి కుదురుకుంది. ఆవిడ అరవదని తెలిసి ఆడవాళ్ళు వరసకట్టారు. మాస్టారు ఒకరికిచ్చిన టైమే మరొకరికిచ్చి, రోజుకో తిట్టు తిన్నాడు.

గదిలో చెప్పే పాఠాలు మాత్రం ఆయనవే. కొత్తవాళ్ళు చేరిన ఓ సోమవారం ఒక పిల్ల లేచి, “రాత్రి తాగి పొద్దున నడిపితే పర్లేదా సార్?” అంది.

మాస్టారు చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. “నేను పట్టుబడింది అలాగేనమ్మా,” అన్నాడు. మిషన్ చూపించిన అంకె, తను చేసిన వాదన, జడ్జిగారి మాట ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

రెండు నెలలకి టైలరమ్మ లైసెన్సు తెచ్చి చూపించింది. మాస్టారు లేచి నిలబడ్డాడు.

“ఆ రోజు మిమ్మల్ని రోడ్డు మీదికి తీసుకెళ్ళి పెద్ద తప్పు చేశానమ్మా.”

“కోపం రాలేదని అబద్ధం చెప్పను అన్నయ్యా. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు నాకు. వారం పాటు కారు పేరెత్తితే గుండె దడదడలాడింది.” లైసెన్సు సంచిలో పెట్టుకుని, “వచ్చే నెల మా చెల్లిని చేర్పిస్తాను. వదినగారి దగ్గరే సుమా!” అంది.

మాస్టారు ఆ చెల్లెలి పేరు తనే రాసుకున్నాడు.

ఆరు నెలలు గడిచాయి. లైసెన్సు చేతికొచ్చిన మర్నాడు ఉదయం భార్య తాళాలు తీసి, ఇవ్వబోతూ ఆగింది.

“నిన్న రాత్రి ఏమైనా…?”

ఒకప్పుడైతే ఇల్లు పీకి పందిరేసేవాడే. “లేదు. నిన్నా లేదు, మొన్నా లేదు,” అన్నాడు.

“ఏమనుకోకండి. అడగాలి కదా.”

“రోజూ అడుగు,” అని తాళాలందుకున్నాడు మాస్టారు.