అంజయ్య, నాంపల్లి

అంజయ్య పోయాక షెడ్డులో ఒక్క మైక్రోస్కోపు మిగిలింది. భార్య నర్మద దాన్ని పాత చీరలో చుట్టి ఆబిడ్స్‌లో లక్ష్మణరావు దుకాణానికి తెచ్చింది. కాలేజీలకు సైన్సు సామాను అమ్మే దుకాణం. అంజయ్య చేసినవన్నీ కొన్నది ఈయనే.

లక్ష్మణరావు చూశాడు, తలూపాడు, ఇత్తడి మీద చెక్కిన 'అంజయ్య, నాంపల్లి' దగ్గర ఆగి ఆకురాయి తీశాడు.

"ఏం చేస్తున్నరు రావు సాబ్?"

"పేరు గీకి జర్మనీ పేరున్న బిళ్ళ బిగిస్త. తెలుగుల రాసుంటే మిషిన్ అని ఎవడు నమ్ముతడమ్మా?"

"మునుపటివి?"

"అన్నీ గట్లనే. గా అల్మారాల ఉన్నది కూడా. అంజయ్యకు ఎర్కే. అయినా ప్రతిసారి పేరు చెక్కే తెచ్చేటోడు. మొండోడు."

భర్త ఈ సంగతి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

ఒకప్పుడు ఏదో దవాఖాన నుంచి రిపేరుకొచ్చిన జర్మనీ మైక్రోస్కోపును ఎవరూ తిరిగి తీసుకుపోలేదు. రెండు కళ్ళతో చూస్తూ కింద పురుగునో పువ్వునో కోసుకునే రకం. అంజయ్య దాన్ని విప్పి నేర్చుకున్నాడు. నాంపల్లి రేకుల షెడ్డులో పాత దుర్బీన్ల అద్దాలతో, ఇత్తడి గొట్టాలతో తనే చేయసాగాడు. చేతులు ఆన్చడానికి అటూ ఇటూ టేకు చెక్కలు పెట్టేవాడు. బిగించాక ముందు నర్మద చూడాలి. రెండు కళ్ళకూ చీమ ఒక్కటిగా కనబడాలి. రెండు చీమలైతే మళ్ళీ విప్పుడే. ఆమె "ఒక్కటే" అన్నాకే పేరు చెక్కేవాడు.

అంటే ఆ ఆకురాయి ఇన్నాళ్ళూ ఆమె మాటను కూడా గీకింది.

నర్మద మైక్రోస్కోపు లాక్కుంది. దుకాణం ముందే ఫుట్‌పాత్ మీద చీర పరిచి, దాన్ని ఎండలో పెట్టి, ఒక చీమను పట్టి అద్దం కింద పెట్టింది.

"రాండ్రి, చూడుండ్రి. నాంపల్లిల తయారైంది."

గన్‌ఫౌండ్రీ వైపు పోతున్న గుమాస్తా ఆగాడు. "ఏందమ్మా, జాతకం చెప్తవా?"

"చీమ జాతకం. వంగు."

వంగాడు. చాలాసేపు లేవలేదు. "దీని కాళ్ళకు వెంట్రుకలున్నయి."

జనం మూగారు. మైక్రోస్కోపు కొనడానికి వచ్చిన కోఠి కాలేజీ లెక్చరర్ శశికళ కూడా వంగి చూసింది. "మా ల్యాబులో జర్మనీది అచ్చం ఇట్లనే ఉంటది. ఈ చెక్కలు కూడా."

"జర్మనీల నాంపల్లి మేస్త్రి లేడు మేడం. గది కూడా మా ఆయన చేసిందే."

లక్ష్మణరావు బయటికొచ్చాడు. "లే అమ్మా, పరువు పోతది. దీని మీద పేరు ఉండనిస్త."

"అల్మారాల ఉన్నదాని మీద?"

"దానికి బిళ్ళ బిగిస్తిని గద."

"బిగించింది విప్పొచ్చు. స్క్రూడ్రైవర్ ఇయ్యి."

ఆయన శశికళ వైపు చూశాడు. "నేను కొనేది అదే," అంది శశికళ. "విప్పిస్తేనే కొంట."

అల్మారాలోది బయటికొచ్చింది. బిళ్ళ కింద గీకిన ఇత్తడి. నర్మద మేకు తీసుకొని దాని మీద భర్త పేరు రాసింది. అక్షరాలు వంకర పోయాయి. ఆపి దిద్దలేదు. పక్కనే ఇంకో మాట మొదలుపెట్టింది.

"ఇంకేంది రాస్తున్నవ్?" అన్నాడు లక్ష్మణరావు.

"నా పేరు. చూసింది నేను గద."