నల్లదా, బూడిదరంగుదా

మా ఆయన జఖార్‌కి రబ్బరు బూట్లు కొనడం ఐదు నిమిషాల పని. పడవకి మోటారు కొన్నప్పుడు కూడా ఒక్క పూటలో తేల్చేశాడు. తుపాకీ దగ్గరికొచ్చేసరికి మాత్రం వారం రోజులు కొట్టు చుట్టూ తిరుగుతాడు. పట్టుకు చూస్తాడు, పెట్టేస్తాడు, ఇంటికొచ్చి నన్ను కూర్చోబెట్టి దాని మంచీచెడూ వినిపిస్తాడు. అలాంటి మనిషి ఆ మే నెల శుక్రవారం ఎల్డన్ కొట్లో అద్దాల బల్ల ముందు నిలబడి, పావుగంట కూడా కాకుండానే, "రెండూ బాగానే ఉన్నాయిరా. ఏదో ఒకటి కట్టివ్వు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏదో ఒకటేమిటయ్యా? ఉల్లిపాయలు కొంటున్నావా?" అన్నాను.

ఎల్డన్ నవ్వాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కొట్టు నడుపుతున్నాడు. అంతకు ముందు కుర్రతనంలో మూడు వేసవులు మా పడవ మీదే పనిచేశాడు. తుపాకీ పట్టడం అతనికి నేర్పింది జఖారే.

బల్ల మీద రెండు పిస్తోళ్ళున్నాయి. రెండూ పొట్టివే, రెండింటి తూటాలూ లావువే. నల్లది పది ఎం.ఎం., పది తూటాలు పడతాయి. బూడిదరంగుది నలభై ఐదు కాలిబర్, ఎనిమిది పడతాయి.

"నల్లదాని దెబ్బ గట్టిది వదినా. లోతుగా దిగుతుంది. కాకపోతే ఎగిరి పడుతుంది. బూడిదరంగుది అంత దూకుడుది కాదు, చేతిలో నిలుస్తుంది. ఎవరి చేతికి ఏది కుదిరితే అదే మంచిది," అన్నాడు ఎల్డన్.

"నాకు నల్లది చాలు," అన్నాడు జఖార్. ఆ మాట అంటున్నంతసేపూ కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది. రెండు పిస్తోళ్ళనీ ఎడమచేత్తోనే ఎత్తి చూశాడు. ఎల్డన్ గమనించాడో లేదో నాకు తెలియదు. నేను గమనించాను.

ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టి రెండు చలికాలాలైంది. మొదట టీ గ్లాసు పళ్ళెంలో గలగలమనేది. తర్వాత చొక్కా గుండీల దగ్గర ఆలస్యం అయ్యేది. అంకరేజ్ పట్నంలో డాక్టరు దానికో పేరు పెట్టాడు. ఆ పేరు మా ఇంట్లో ఎవరం పలకం. చర్చికి వెళ్ళినా చెయ్యి జేబులోనే పెట్టుకుని నిలబడతాడు. శిలువ గుర్తు వేసుకోవాల్సి వచ్చినప్పుడు చటుక్కున తీసి, గబగబా వేసుకుని, మళ్ళీ లోపల దాచేస్తాడు. పోయిన సెప్టెంబర్లో ఆయన పాత రివాల్వర్ పడవ మీంచి సముద్రంలో పడిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఛాతీ మీద మోసిన తుపాకీ. ఒర గుండీ ఊడిపోయిందని చెప్పాడు. తర్వాత నేను చూస్తే గుండీ దాని చోట అది గట్టిగానే ఉంది.

మా ద్వీపానికి పడమటి ఒడ్డున మా వల శిబిరం ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఒడ్డుకి వల కట్టి సాల్మన్ చేపలు పడతాం. మా మామగారు కట్టిన చెక్క గుడిసె, ఒక ఆవిరి స్నానాల గది, అంతే. తాగే నీళ్ళకి వాగు దాకా నడవాలి. మూడొందల అడుగుల దారి, అటూ ఇటూ తలెత్తు గడ్డి, తుప్పలు. మా చేపల కోసమే వచ్చే ఎలుగుబంట్లు కూడా ఆ దారినే వాడుకుంటాయి. ఆ ఇరుకులో పెద్ద తుపాకీ తిప్పడం కుదరదు కాబట్టి ఛాతీ మీద చిన్నది ఉండాల్సిందే. పోయిన ఆగస్టులో రెండు పిల్లల్ని వెంటేసుకుని ఒక తల్లి ఎలుగు దారి మధ్యలో లేచి నిలబడింది. జఖార్ గాల్లోకి పేల్చిన ఒక్క దెబ్బతో వెనక్కి తగ్గింది. తగ్గకపోతే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

అందుకే మార్చిలోనే చెప్పేశాను. "నీ చేతికి కుదిరే తుపాకీ దొరికిందా సరే. లేదంటే ఆ దారిలో నేను అడుగు పెట్టను. నిన్నూ పెట్టనివ్వను. ఈ ఏడుతో శిబిరం మూసేద్దాం." ఆ మాటకి ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. శిబిరం లేని జఖార్ ఎలా ఉంటాడో నేనూ ఊహించలేను. చలికాలమంతా ఆ మనిషి బతికేది జూన్ కోసమే.

"కాల్చి చూడకుండా కొనేది లేదు," అన్నాను ఎల్డన్‌తో. "రెండూ పట్టుకుని పద." జఖార్ వైపు తిరిగి, "నువ్వూ రా," అన్నాను.

"ఏమే, నేను తుపాకీ కాల్చడం ఇప్పుడు కొత్తగా నేర్చుకోవాలా?" అన్నాడు జఖార్.

"నువ్వు కాదు, తుపాకీ నేర్చుకోవాలి. నడు."

ఎల్డన్ కొట్టు భార్యకి అప్పగించి వచ్చాడు. ఊరి బయట కాల్చుకునే మైదానంలో వాన తుంపర పడుతోంది. ఎవరూ లేరు. ఏడు గజాల దూరంలో చెక్కకి గురి కోసం రెండు కాగితపు పళ్ళేలు మేకులతో కొట్టాడు ఎల్డన్. చెవులకి డిప్పలు పెట్టుకున్నాం. జఖార్ నల్లది అందుకున్నాడు. ఈసారి కుడిచేత్తోనే. ఎడమచెయ్యి కింద ఆనించి పట్టుకున్నాడు.

మొదటి తూటా పళ్ళెం అంచుకి తగిలింది. రెండోది పేలింది కానీ తూటా ఖాళీ గొట్టం బయటికి రాలేదు. పిస్తోలు పైనున్న సందులోనే నిలువుగా ఇరుక్కుంది. జఖార్ దాన్ని దులిపి, పై భాగం వెనక్కి లాగి మళ్ళీ కాల్చాడు. నాలుగో దెబ్బకి మళ్ళీ అదే తంతు.

"దరిద్రపు తుపాకీ," అన్నాడు. "ఆ రెండోది ఇటు తే."

బూడిదరంగుదైనా బాగుంటుందని ఆశపడ్డాను. అది రెండుసార్లు పేలి మూడోసారి ఇరుక్కుంది.

"ఎక్కడ ఏరుకొచ్చావురా ఈ చెత్తంతా?" అన్నాడు జఖార్. గొంతులో కోపం ఉంది, కానీ కళ్ళు ఎల్డన్ వైపు చూడలేదు.

"తూటాల్లో ఏదో ఉన్నట్టుంది అన్నా. మారుద్దాం," అన్నాడు ఎల్డన్. సంచిలోంచి వేరే డబ్బా తీసి, తనే నింపి ఇచ్చాడు. ఎంత మర్యాదగా అబద్ధం ఆడాడో. వాడి నోటికి ఆ రోజు దండం పెట్టాలనిపించింది.

కొత్త తూటాలతో కూడా ఇరుక్కుంది.

మా దగ్గర పదేళ్ళ పిల్లలకి కూడా తెలుసు ఇది ఎందుకవుతుందో. పొట్టి పిస్తోల్లో లావు తూటా పేలినప్పుడు పై భాగం పూర్తిగా వెనక్కి వెళ్ళాలంటే వెనకున్న మణికట్టు కదలకుండా నిలబడాలి. మణికట్టు లొంగిందా, ఖాళీ గొట్టం బయటపడదు. ఈ ముక్క ఎల్డన్‌కి చెప్పింది జఖారే. నాకు చెప్పిందీ ఆయనే. "తుపాకీని తిట్టే ముందు నీ మణికట్టు చూసుకో" అని ఎంతమందిని వెక్కిరించాడో లెక్క లేదు. ఇప్పుడు ఎవరం ఆ మాట అనలేదు. ఎల్డన్ వంగి, అక్కర్లేకపోయినా నేల మీద ఖాళీ గొట్టాలు ఏరుతున్నాడు.

"ఇటివ్వు," అన్నాను.

"నీకెందుకే? చెయ్యి బెణుకుతుంది."

"బెణికితే బెణికింది. వంట తప్పుతుంది. ఇటివ్వు."

ఎల్డన్ పళ్ళేలు మార్చాక ముందు బూడిదరంగుది కాల్చాను. ఎనిమిదికి ఎనిమిదీ పోయాయి. తర్వాత నల్లది. అది చేతిలో గొడ్డులా ఎగిరింది, అయినా పదీ పోయాయి. ఒక్కటీ ఇరుక్కోలేదు. నిజం చెప్పాలంటే, తుపాకీ ఒక్కసారైనా ఇరుక్కుంటే బాగుండునని నా జన్మలో కోరుకుంది ఆ రోజే. కావాలని మణికట్టు వదిలేద్దామా అని కూడా అనిపించింది. కానీ జఖార్ పక్కనే నిలబడి నా చేతుల్నే చూస్తున్నాడు. ఆయనకి తెలిసిపోయేది. అలా చేస్తే నన్ను క్షమించేవాడు కాదు.

చెవి డిప్పలు తీసి చేతిలో పెట్టుకుని జఖార్ పళ్ళేల దగ్గరికి నడిచాడు. మాకు వీపు చూపిస్తూ అక్కడే చాలాసేపు నిలబడిపోయాడు. వాన కొంచెం పెద్దదైంది. ఎల్డన్ నా వైపు చూసి ఏదో అనబోయాడు. వద్దన్నట్టు తలాడించాను. శిబిరం నేనే మూయించేశానని, నా మొండితనంతో ఆయన్ని ఒకప్పటి శిష్యుడి ముందు నిలబెట్టి సిగ్గుపరిచానని అనిపించింది.

జఖార్ రెండు పళ్ళేలూ మేకుల మీంచి లాగి తెచ్చాడు. నా ముందు పట్టుకున్నాడు. కాగితాలు వణుకుతున్నాయి. ఈసారి దాచలేదు.

"నల్లది నీకొద్దు," అన్నాడు. "చూడు. మొదటిది సరిగ్గా తగిలింది, రెండోది పైకి పోయింది. పదింట్లో నాలుగు బయటే. ఇది చూడు, బూడిదరంగుది. ఎనిమిదీ అరచెయ్యంత చోట్లో ఉన్నాయి. నీకిదే."

ఆ పళ్ళెం అందుకున్నాను.

"ఎలుగుకి పది ఎం.ఎం. అయితే ఇంకా..." అన్నాడు ఎల్డన్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ముందు దానికి తగలాలి కదరా," అన్నాడు జఖార్. "గట్టి దెబ్బ చెట్టుకి తగిలి ఏం లాభం? ఆవిడకి ఇదే ఇవ్వు. ఒర మాత్రం ఎడమచేతి వాళ్ళది వద్దు, ఆవిడది కుడిచేతి వాటం."

కొట్టుకి తిరిగొచ్చాక ఎల్డన్ కాగితం బల్ల మీద పెట్టాడు. తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన ప్రభుత్వ ఫారం. అందులో ఒక ప్రశ్న ఉంటుంది, నిజంగా కొంటున్నది మీరేనా అని. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంటికి వచ్చిన ప్రతి తుపాకీ ఫారం మీదా జఖార్ సంతకమే. అలవాటు కొద్దీ ఎల్డన్ కాగితం ఆయన వైపు జరిపాడు. జఖార్ దాన్ని ఒక వేలితో నా వైపు నెట్టాడు.

"ఆవిడదే. ఆవిడే నింపుతుంది," అన్నాడు. "కళ్ళజోడు తెచ్చుకున్నావా, లేక ప్రశ్నలన్నీ నేనే చదివి వినిపించాలా?"

తెచ్చుకున్నాను. కానీ సగం ప్రశ్నలు కనబడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే ఏ కళ్ళజోడైనా ఏం చేస్తుంది. ఎల్డన్ ప్రభుత్వ ఆఫీసుకి ఫోన్ చేసి నా పేరు చెప్పి, అటునుంచి సరేననే దాకా కూర్చుని, పిస్తోలు పెట్టెలో పెట్టి నా చేతికిచ్చాడు. ఇంటికి వెళ్ళే దారిలో జఖార్ ఒక్కటే అన్నాడు. "శుభ్రం చెయ్యడం రేపు చూపిస్తా. ఆ నూనె బట్టలు నీ వంటింట్లో పెట్టకు, కంపు."

"ఇన్నేళ్ళూ నువ్వు పెట్టింది అక్కడే," అన్నాను.

"అందుకే చెప్తున్నా."

జూన్ మొదటి వారంలో శిబిరానికి చేరాం. గుడిసె కిటికీల చెక్కలు విప్పి, పొయ్యి రాజేసి, అటక మీంచి బకెట్లు దించాం. నీళ్ళకి వెళ్ళాలి. ఆ దారికి మా అత్తగారి కాలం నుంచీ ఒక కట్టుబాటుంది. తుపాకీ ఉన్నవాళ్ళు ముందు నడుస్తారు, బకెట్లు మోసేవాళ్ళు వెనక. ముందున్నవాళ్ళు గట్టిగా మాట్లాడుతూ నడవాలి, ఎలుగు ఉలిక్కిపడకుండా. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. నలభై ఒక్క వేసవులు జఖార్ ముందు, రెండు బకెట్లతో నేను వెనక.

ఒర పట్టీలు ఛాతీకి బిగించుకుంటుంటే ఆయన వచ్చి, వెనక కట్టు సరిగ్గా ఉందో లేదో లాగి చూశాడు. తర్వాత రెండు బకెట్లూ అందుకున్నాడు.

"ఒకటి చాలు," అన్నాను.

"నువ్వు రెండు మోశావు కదే ఇన్నేళ్ళూ," అన్నాడు.

గడ్డిలోకి అడుగు పెట్టాను. నా ముందు ఎవరి వీపూ లేని ఆ దారి నాకు కొత్తగా ఉంది. ఇన్నాళ్ళూ ఆ వీపు చూస్తూనే నడిచాను, దారి ఎలా ఉంటుందో చూడనే లేదు. ఎలుగుకి వినబడేలా జఖార్ ఎప్పుడూ అరిచే మాట ఒకటుంది, "తాతా, వస్తున్నాం, పక్కకి జరుగు" అని. అరుద్దామని నోరు తెరిచాను. మళ్ళీ మూసేశాను.

"ఏమే, నోరు పడవలో వదిలేసి వచ్చావా?" అన్నాడు వెనక నుంచి. "నా మీదకైతే ఎక్కడెక్కడి అరుపులూ వస్తాయి. ఎలుగు మీదకి రావా?"

"తాతా, వస్తున్నాం," అని అరిచాను. "పక్కకి జరుగు. నా వెనక ఒక ముసలాయన ఉన్నాడు, నీకన్నా మొండి."

వెనక నవ్వు వినబడింది. దాంతో పాటు ఇంకో చప్పుడు కూడా. కుడిచేతి బకెట్ పిడి ఆగకుండా టకటకమంటోంది. వెనక్కి తిరిగి చూడకూడదన్నది కట్టుబాటు. తిరగలేదు. కళ్ళు గడ్డి మీదా, చెయ్యి పిస్తోలు మీదా పెట్టుకుని, ఆ చప్పుడు నాకు వినబడుతోందని ఆయనకి తెలియకుండా ఉండడానికి వాగు దాకా అరుస్తూనే నడిచాను.

గుడిసెకి తిరిగొచ్చి చూస్తే ఎడమ బకెట్ నిండుగా ఉంది. కుడిదాంట్లో సగమే మిగిలాయి. ఆయన ప్యాంటు కుడికాలు మోకాలి కింద నుంచీ తడిసిపోయింది.

"చాలవు," అన్నాడు జఖార్, బకెట్‌లోకి చూస్తూ.

"అయితే పద," అన్నాను.

కుడి బకెట్‌లో నీళ్ళు గిన్నెలోకి వంపి, ఖాళీ బకెట్ తీసుకుని నా వెనక వచ్చి నిలబడ్డాడు. నేను ముందు నడిచాను.