ఎడమచేతి కుట్టు

తొమ్మిది కొట్టేసరికి ఆ మూడు గదుల వాటాలో మిషన్ల చప్పుడు మొదలయ్యేది. ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు, గోడవారగా తానులు, పొడవాటి బల్ల మీద కత్తెరలు, సుద్దముక్కలు. వెనక గదిలో కిటికీ పక్కన ఒక చాప. బొంతలు, దిండు గలీబులు, బల్ల మీద పరిచే గుడ్డలు తయారుచేసి అమ్మే చిన్న వ్యాపారం అది. దాన్ని నడిపే ఆమెను పనివాళ్లు 'మేడమక్క' అనేవారు. ఉత్త మేడమ్ అంటే మరీ దూరం, ఉత్త అక్క అంటే మరీ చనువు అని రెండూ కలిపేశారు.

ఆ రోజు మేడమక్క ఫోన్లో వచ్చిన ఒక సందేశం అందరికీ చదివి వినిపించింది. ఎవరో బొంత కొన్నారు. ఆస్పత్రి నుంచి వచ్చిన వాళ్లమ్మ అది కప్పుకుంటే గాని నిద్రపోవడం లేదట. "మీ చేతులకు దండం" అని రాశారు. మిషన్ల మీది ఇద్దరూ సంతోషించారు. వాళ్లలో నోరు మూతపడని ఆమె, అందుకే రేడియో అని పేరు తెచ్చుకున్నామె, మన బొంతకు మత్తుమందు దుకాణం లైసెన్సు తీసుకోవాలేమో అంది. మేడమక్క నవ్వుతూ జవాబు రాసింది: ప్రతి కుట్టూ నా చేత్తోనే వేశాను, ధన్యవాదాలు.

ఆ బొంత కుట్టిన మనిషి వెనక గదిలో మరో బొంత కుడుతోంది. ఆమె మేడమక్కకు వదిన, అంటే భర్తకు అక్క. కాపురం వదులుకుని తమ్ముడి ఇంటికి వచ్చి పదకొండేళ్లు. ఎవరైనా వస్తే మేడమక్క ఆమెను ఇలా పరిచయం చేసేది: "మా వదిన. ఊరికే కూర్చోలేక నాకు కాస్త సాయం చేస్తుంటారు." ముందు గదిలో వాళ్లకు నెల తిరిగేసరికి జీతం అందేది. ఇంటి మనిషికి జీతమేమిటని మేడమక్కకు తోచలేదు. వదినకూ తోచలేదు.

చదువరులు మేడమక్కను చెడ్డదనుకోవద్దు. రంగులు కూర్చేది, దుకాణాల మెట్లు ఎక్కి దిగేది, అద్దెకు జవాబు చెప్పేది ఆమే. మొదటిసారి 'నేనే కుట్టాను' అన్నప్పుడు ఆమె గొంతు కొంచెం తడబడింది. పదోసారికి అలవాటైంది. తర్వాత తర్వాత ఆ బొంతల మీద చెయ్యి వేస్తే, తన వేళ్లకే సూది గుర్తులున్నట్టు అనిపించేది. మనసు తనకు కావలసినదాన్ని జ్ఞాపకంగా మార్చుకోగలదు. దానికి పగలూ రాత్రీ శ్రమపడనక్కర్లేదు. పక్కనున్నవాళ్లు మౌనంగా ఉంటే చాలు.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. ఇంటి సామాన్ల దుకాణాలు మూడు నడుపుతున్న మనిషి. నమూనాగా పంపిన బొంతను వెంట తెచ్చింది. ఆమె ఆర్డరు ఇస్తే ఏడాదిపాటు ఈ గదులకు దిగుల్లేదు. లేకపోతే వచ్చే నెల ఒక మిషన్ అమ్మేయక తప్పదు. నెలకు ఇరవై బొంతలు ఇస్తామని మేడమక్క ముందే మాట ఇచ్చేసింది కూడా.

పెద్దావిడ బొంత పైవైపు చూడనేలేదు. తిరగేసి, అంచు మడిచి కుట్టిన హెమ్మింగును కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుంది. కుడిచేత్తో వేసిన కుట్లు ఒక వైపుకు వాలతాయి. ఎడమచేత్తో వేసినవి రెండో వైపుకు. పనిలో తలపండినవాళ్లకే తెలిసే తేడా అది.

"మీది ఎడమచేతి వాటమా?" అని అడిగింది.

మేడమక్కకు ఆ తేడా తెలియదు. తెలిసిందల్లా వదిన ఎడమచేత్తో కుడుతుందని. ఆలోచించే లోపలే "అవునండీ" అనేసింది.

పెద్దావిడ ముఖం వెలిగిపోయింది. తనదీ అదే వాటమట. చిన్నప్పుడు బళ్లో స్కేలుతో కొట్టి మాన్పించారట. "ఒక్క నాలుగు కుట్లు వేసి చూపించమ్మా. చూసి ఎన్నాళ్లయిందో" అని తన సంచిలోంచే సూదీ దారం తీసి ఇచ్చింది.

మేడమక్క సూదిని ఎడమచేత్తో పట్టుకుంది. దారం ఎక్కలేదు. తడిచేసి మళ్లీ ప్రయత్నించింది. ఎక్కలేదు. మిషన్లు ఆగిపోయాయి. రేడియో కూడా నోరు మూసుకుంది.

అప్పుడు వెనక గదిలోంచి వదిన వచ్చింది. "నిన్న ఇస్త్రీ పెట్టె తగిలి చెయ్యి బొబ్బలెక్కిందండీ. వద్దంటే వినదు. మీరు వచ్చారని పట్టుకుంది" అంటూ మరదలి చేతిలోంచి సూది మెల్లగా తీసేసింది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న ఇత్తడి టోపీ కనబడకుండా ఎడమచెయ్యి చీర కుచ్చిళ్లలో దాచుకుంది.

ఆ దాచుకోవడాన్ని మేడమక్క చూసింది. దొంగతనం చేసింది తను. చెయ్యి దాచుకుంటున్నది సొమ్ము పోగొట్టుకున్న మనిషి. పదకొండేళ్లలో తొలిసారి నిజం చెబుతుంటే మేడమక్కకు తన గొంతు పరాయిదిగా వినిపించింది.

"నా చెయ్యి కాలలేదండీ. బొంత కుట్టింది నేను కాదు, మా వదిన. ఇన్నాళ్లూ నాదని చెప్పుకున్నాను."

ఆర్డరు పోయిందనే అనుకుంది. పెద్దావిడ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చెప్పులు విడిచి, వెనక గదిలోకి నడిచి చాప మీద చతికిలబడింది. ఆ తర్వాత అరగంటసేపు ఇద్దరు ఎడమచేతివాళ్లూ ఒకే బడిలో దెబ్బలు తిన్న పిల్లల్లా మాట్లాడుకున్నారు. లేచేముందు ఆమె వదినను అడిగింది: "నెలకు ఎన్ని చేయగలరు మీరు?"

ఆ ప్రశ్న ఆమెను ఎవరూ ఎన్నడూ అడగలేదు. వదిన అలవాటుగా మరదలి వంక చూసింది.

"మీ చేతులు వదినా. మీరే చెప్పాలి."

"ఆరండీ" అంది వదిన వేళ్లు లెక్కపెట్టుకుని. "ఏడోది కుడితే కళ్లు మండుతాయి. బాగా రాదు."

ఇరవై అని రాసిన కాగితం మీద పెద్దావిడ ఆరు అని దిద్దింది. ఏడాదికి సరిపడా ఆర్డరు కాదు అది. కాని ఆరింటికీ వెల పెంచి రాసింది. మిషన్ అమ్మాల్సిన పని లేదు.

ఆమె వెళ్లాక మేడమక్క చాప అంచున కూర్చుని, నాకోసం అబద్ధమెందుకు ఆడారని అడిగింది.

"నేను వచ్చిన రోజు ఎందుకొచ్చావని అడగలేదు నువ్వు. కంచం కడిగి అన్నం పెట్టావు. అది మర్చిపోతానా అమ్మాయ్?"

మేడమక్క తల ఎత్తలేకపోయింది. ఒక్క పూట పెట్టిన అన్నానికి ఈ మనిషి పదకొండేళ్లుగా కృతజ్ఞతగా ఉంది. తను ఆ కృతజ్ఞతను రోజూ కోసి, కుట్టి, అమ్ముకుంది. ఆమె వదిన ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సూది పోట్లతో గట్టిపడిన ఆ వేళ్లు ఈ ఇంటిని నిలబెట్టాయని తనకు ఎప్పుడూ తెలుసు. తెలిసినదాన్ని ఒప్పుకోవడానికే ఇంత కాలం పట్టింది.

"మీరు నాకు సాయం చేయడం లేదు వదినా. నేనే మీ పని మీద బతుకుతున్నాను. ఇకమీదట వచ్చినదాంట్లో సగం మీది. ఇది దయ కాదు, మీరు వద్దనడానికి వీల్లేదు."

వదిన కళ్లు తుడుచుకుని, ముందు ఆ దారం ఎక్కించడం నేర్చుకో అంది. ముందు గదిలో రేడియో మళ్లీ మొదలైంది.

మన ఇళ్లలోనూ 'ఊరికే సాయం చేస్తున్నారు' అని చెప్పుకునే మనుషులు ఎందరో ఉన్నారు. నీడ ఇచ్చామని వాళ్ల దగ్గర కృతజ్ఞత ఆశించే ముందు, వాళ్ల పనికి పని అనే పేరు పెట్టి, దానికి తగిన ప్రతిఫలం చేతిలో పెట్టి, కృతజ్ఞత మొదట మనమే చెప్పాలి.